నాలుగో లాకు ఇంటిపేరమ్మ

ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు పూజారి కెల్‌బ్రిగ్ సత్తిరాజు గారు లాకు గట్టు ఊడుస్తారు. ఊడ్చాక చీపురు గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కొని, గట్టు మీది ఇనుప చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పుతారు. ఆ చక్రం కింద ఇప్పుడు తలుపులు లేవు. ఈ కాలువలో పడవలు తిరగడం మానేసి యాభై ఏళ్ళు దాటింది. అయినా చక్రం తిరిగాకే గుడి తలుపు తీయాలన్నది ఇక్కడి నియమం. నెలకొకసారి ఆముదం పోస్తారు కనుక అది చప్పుడు లేకుండా తిరుగుతుంది.

ఊరి పేరు నాలుగో లాకు. గోదావరి డెల్టాలో, సముద్రానికి తొమ్మిది మైళ్ళ ఇవతల ఉంది. బస్సు దిగి గట్టు వెంట పావుగంట నడవాలి. గుడి అంటే పది అడుగుల గది, పెంకుల కప్పు, ముందు సిమెంటు అరుగు. లోపల రాతి విగ్రహం లేదు. నాలుగడుగుల టేకు దూలం నిలబెట్టి ఉంటుంది. దానికి తొమ్మిది ఇనుప మేకుల తలలు, ఒక్కొక్కదానికి పసుపు, కుంకుమ. అమ్మవారి పేరు ఇంటిపేరమ్మ. కొత్తగా వచ్చిన భక్తులు రెండు ప్రశ్నలు అడుగుతారు. అమ్మవారికి ఆ పేరెలా వచ్చింది? పంచె కట్టుకున్న పూజారికి ఇంగ్లీషు ఇంటిపేరు ఏమిటి? రెండింటికీ జవాబు ఒకటే.

పూర్వం ఇక్కడ గుడి లేదు, ఊరూ లేదు. లాకు ఉండేది. ఎత్తు నీటి నుంచి పల్లపు నీటికి పడవలను దించడానికి కాలువకు అడ్డంగా పెట్టిన పెద్ద టేకు తలుపులనే లాకు అంటారు. దాని పక్కన సూపర్నెంటు బంగళా, ఎదురుగా ధాన్యం పడవలు ఆగే రేవు. సుమారు నూట నలభై ఏళ్ళ కిందట ఆ తలుపులు తీయించే సూపర్నెంటు ఉద్యోగం జాన్ కెల్‌బ్రిగ్ అనే ఇంగ్లీషు ఆయనది. జనం లాకు దొర అనేవారు. పెళ్ళి కాలేదు. వచ్చి పద్నాలుగేళ్ళయింది కనుక తెలుగు బాగానే వచ్చు, అయితే అది పడవ నడిపే సరంగుల దగ్గర నేర్చుకున్న తెలుగు. మిగతా దొరలకు ఇంగ్లండు సీమ నుంచి ఉత్తరాలు వచ్చేవి. ఈయనకు వచ్చినట్టు ఎవరూ చెప్పలేదు.

అదే రేవులో చెల్లాయమ్మ అనే ఆవిడ పడవల వాళ్ళకు వంట చేసేది. ఆమె పడవలోనే పుట్టింది. కన్నవారెవరో చెప్పేవారు లేరు. నోరు గట్టిదని పేరు.

ఒక కార్తికమాసంలో ఉప్పెన వచ్చింది. సముద్రం కాలువ వెంట పైకి ఎక్కి వచ్చి, లాకు తలుపుల్లో ఒకదాన్ని ఊడబెరికి తీసుకుపోయింది. మూడో రోజు ఉదయం నీరు వెనక్కి తీస్తుండగా చెల్లాయమ్మ ఆ తలుపును చూసింది. అది మైలు దూరంలో వంతెన కింద ఇరుక్కొని ఉంది. దాని మీద తొమ్మిది మంది పిల్లలున్నారు. ఎవరో చీరలు చింపి, వాళ్ళను తలుపు దూలానికి, దాని మేకులకు ఒక్కొక్కరినీ విడివిడిగా కట్టారు. కట్టిన మనిషి మాత్రం లేదు. ఆ చేతులు అమ్మవారివని పెద్దలు చెబుతారు.

పిల్లల్లో పెద్దవాడికి ఏడేళ్ళు. చిన్నదానికి ఏడాది నిండలేదు. ఐదుగురు మగపిల్లలు, నలుగురు ఆడపిల్లలు. వేర్వేరు పేటల వాళ్ళు, వేర్వేరు కులాల వాళ్ళు. మాటలు వచ్చినవాళ్ళను ఇంటిపేరు అడిగితే ఒక్కరికీ తెలియదు. మీ ఇల్లు ఏదంటే వేలు చూపించారు. వేలు చూపిన వైపు నీళ్ళున్నాయి.

చెల్లాయమ్మ వాళ్ళను బంగళా వరండాలో చేర్చి, నూకలతో బెల్లం వేసి జావ కాచి పోసింది. పదిహేను రోజులకు చిన్నపిల్ల ఆమె కొంగు వదిలితే ఏడవడం మొదలుపెట్టింది. అప్పుడు తాసీల్దారు వచ్చాడు. ఆయన తెచ్చిన ఉత్తర్వు ఇది: బంధువులున్న పిల్లలను బంధువులకు అప్పగించాలి. లేనివాళ్ళను ఇద్దరిద్దరిగా వేర్వేరు పట్నాల అనాథాశ్రమాలకు పంపాలి. ఒకే ఇంటిపేరున్న పిల్లలను మాత్రం విడదీయరాదు. ఆ ఇంటిపేరుతో ఒక పెద్ద దిక్కు ఉంటే ఆ దిక్కు దగ్గరే ఉంచవచ్చు. పడవ గురువారం పది గంటలకు వస్తుంది. అప్పటికి ఆరు రోజుల గడువు ఉంది.

"నీ ఇంటిపేరు?" అని తాసీల్దారు వెంట వచ్చిన గుమాస్తా చెల్లాయమ్మను అడిగాడు.

"పడవ."

"పడవ ఇంటిపేరు కాదమ్మా."

"నేను పుట్టింది అందులోనే గదయ్యా. నీ ఇల్లు కదలదు, నా ఇల్లు కదులుతుంది. అంతేగా తేడా!"

గుమాస్తా నవ్వాడు కాని రాసుకోలేదు.

చెల్లాయమ్మ చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళి ఇంటిపేరు అడిగింది. మూడు రోజులు తిరిగింది. ఒక పెద్ద రైతు ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి చెప్పిన మాట ఇప్పటికీ ఇక్కడ చెప్పుకుంటారు.

"బియ్యం అడుగు తల్లీ, బస్తా పంపిస్తాను. ఇంటిపేరు అడక్కు. ఇచ్చానంటే ఆ తొమ్మిది మందీ మా పిల్లలకు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అయిపోతారు. వాళ్ళింట్లో ఎవరన్నా పోతే మాకు మైల. రేపు సంబంధానికి వచ్చినవాడు, మీ ఇంటిపేరు వాళ్ళు ఎక్కడెక్కడి వాళ్ళో ఉన్నారటగదా అంటే నా నోట మాటేది?"

అతని మాటలో దుర్మార్గం లేదు. ఒకే ఇంటిపేరు వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు. ఇంటిపేరు పంచుకోవడం పొలం పంచుకోవడం కన్నా కష్టం. మిగతా ఇళ్ళలో మజ్జిగ కూడా ఇవ్వలేదు.

సోమవారం మధ్యాహ్నం చెల్లాయమ్మ తిరిగి వచ్చి, ఒడ్డుకు లాగి పడేసిన తలుపు దూలానికి వీపు ఆనించి కునుకు తీసింది. కలలో ఒక ముసలావిడ తడి జుట్టు పిండుకుంటూ ఎదురుగా కూర్చుంది. ఆవిడ ఒంటి మీద చీర సగమే ఉంది.

"నన్ను ఏమని పిలుస్తావే?" అంది.

"నీ పేరేమిటో నాకు తెలియదు తల్లీ."

"పిల్లలకు పేరు పెట్టించు. ఆ తర్వాత నాకు నువ్వే పెడుదువుగాని. తలుపు తీసేవాణ్ణి అడుగు."

చెల్లాయమ్మ లేచి, మొహం కూడా కడుక్కోకుండా బంగళా మెట్లెక్కింది.

"దొరగారూ, మీ ఇంటిపేరు కావాలి."

"ఎందుకు?"

"పిల్లలకు."

"అది ఇవ్వడానికి నాకు హక్కు లేదు" అని దొర లోపలికి వెళ్ళిపోయాడు. పెద్ద వంశం అయి ఉంటుంది, సీమలో పెద్దల అనుమతి కావాలేమో అని నౌకర్లు అనుకున్నారు.

మంగళవారం ఆమె మళ్ళీ వెళ్ళింది.

"ఈ దేశంలో మీ ఇంటిపేరు వాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు."

"మీ దేశంలో?"

"నాకు తెలిసి లేరు."

"మరీ మంచిది. ఇక్కడ ఎవరి సంబంధమూ చెడదు, ఎవరికీ మైల రాదు. మీకు చూడబోతే పెళ్ళీ లేదాయె, పెటాకులూ లేవాయె. ఆ పేరు అట్టే పెట్టుకొని ఏం చేస్తారు, ఊరగాయ పెడతారా?"

దొర నవ్వాపుకున్నాడని వరండాలో ఉన్నవాళ్ళు చెప్పారు. కాని ఔననలేదు.

బుధవారం ఉదయం దొర వడ్రంగులను వెంటబెట్టుకొని గట్టు దిగాడు. కొత్త తలుపుకు పాత టేకు దూలం కావాలి. చెల్లాయమ్మ దాని మీద కూర్చొని లేవలేదు. తొమ్మిది మందినీ చుట్టూ కూర్చోబెట్టుకుంది.

"పేరివ్వనివాళ్ళకు దూలం ఇవ్వను" అంది.

వడ్రంగులు దొర మొహం చూశారు. దొర పిల్లల మొహాలు చూశాడు.

"వీళ్ళు దొరికింది ఎక్కడ?"

"తెలియనట్టు అడుగుతారేం! ఈ తలుపు మీద."

"తలుపు ఎక్కడ దొరికింది?"

"వంతెన కింద."

దొర టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వడ్రంగులను పొమ్మని, తానూ వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయనకూ అమ్మవారు కలలో కనిపించిందని చెబుతారు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పింది చెల్లాయమ్మ.

గురువారం పది గంటలకు పడవ వచ్చింది. తాసీల్దారు వరండాలో కూర్చున్నాడు. దొర కోటు తొడుక్కొని వచ్చి, ఒక్కొక్క బిడ్డ భుజం మీద చెయ్యి వేసి, మొదట పేరు, పక్కన తన ఇంటిపేరు చెప్పి రాయించాడు. తొమ్మిది పేర్లు అయ్యాక పదో గీత మీద వేలు పెట్టాడు.

"ఇదెవరిది?" అన్నాడు తాసీల్దారు.

"చెల్లాయమ్మది. దిక్కు ఆమే. దిక్కుకు ఇంటిపేరు లేకపోతే ఎలా?"

"మీకు ఏమవుతుందని రాయమంటారు?"

"చెల్లెలని రాయండి."

"ఆలోచించే చేస్తున్నారా?"

"మూడు రోజులు ఆలోచించాను."

పడవ ఆ పిల్లల్లో ఎవరినీ ఎక్కించుకోకుండా వెళ్ళింది. ఆనాటి నుంచి చెల్లాయమ్మ ఆయన్ను దొరన్నా అని పిలిచేది. కొత్త తలుపుకు వేరే కలప తెప్పించారు. పాత దూలాన్ని నాలుగడుగులు కోసి గట్టు మీద నిలబెట్టి, కలలో విన్న ప్రకారం చెల్లాయమ్మ దానికి ఇంటిపేరమ్మ అని పేరు పెట్టింది.

దొర మరో ఆరేళ్ళకు సీమకు వెళ్ళిపోయాడు. అక్కడ పెళ్ళి చేసుకున్నట్టు ఒక ఉత్తరం వచ్చింది, అంతే. మగపిల్లలు ఐదుగురూ ఐదు లాకుల మీద కుదురుకున్నారు. కెల్‌బ్రిగ్ ఇంటిపేరు ఈ కాలువ వెంట మాత్రమే సాగింది. ఈనాడు రెండో లాకు దగ్గర ఆరు గడపలు, మూడో లాకులో తొమ్మిది, ఇక్కడ పదిహేడు, ఐదో లాకులో ఏడు, సముద్రపు లాకు దగ్గర రెండు. మొత్తం నలభై ఒకటి. కాలువ దాటి గట్టుకు అవతల ఈ ఇంటిపేరు వినబడదు. ఐదు శాఖల్లో ఒకటి చర్చికి వెళుతుంది. కార్తికంలో ఆ ఇళ్ళవారూ ఇక్కడికి వస్తారు. తొమ్మిది మంది సంతానం కనుక కెల్‌బ్రిగ్ వారిలో కెల్‌బ్రిగ్ వారికి పిల్లనివ్వరు. కులం అడిగితే లాకు అంటారు.

కార్తిక బహుళ పంచమి నాడు ఉత్సవం. ఆ రోజు పూజారి తొమ్మిది మేకులకూ పసుపు రాసి, తొమ్మిది పేర్లూ చదివి, పదోది చెల్లాయమ్మ పేరు చదువుతారు. పెళ్ళై వెళ్ళిన ఆడపడుచులు ఆ ఒక్కరోజు అత్తింటి పేరు పక్కన పెట్టి, పుట్టింటి ఇంటిపేరుతో అర్చన చేయించుకుంటారు. ఇంటిపేరు తెలియనివారు, గోత్రం తెలియనివారు ఎవరు వచ్చినా చక్రం ఒక్క చుట్టు తిప్పి, కెల్‌బ్రిగ్ అని చెప్పి అర్చన జరిపించుకోవచ్చు. పూజారి మరో ప్రశ్న అడగరాదు. ప్రసాదం నూకల పరమాన్నం. ఇక్కడ పేరు చెప్పుకున్న బిడ్డ నీటిగండం దాటుతుందని, చెదిరినవాళ్ళు ఒకచోట చేరుతారని నమ్మకం.

నిరుడు ఉత్సవానికి ఇంగ్లండు నుంచి ఒకావిడ వచ్చారు. పేరు ఎడిత్ కెల్‌బ్రిగ్. వయసు అరవై ఎనిమిది, లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యారు, పెళ్ళి చేసుకోలేదు. దొరగారి మునిమనవరాలు. వెంట ఒక పటం తెచ్చారు. తమ దేశంలో ఈ ఇంటిపేరు ఎక్కడెక్కడ ఉందో అందులో ఎర్ర చుక్కలు పెట్టుకున్నారు. ఉత్తరాన పక్కపక్కనే ఉన్న రెండు లోయల్లో పద్నాలుగు చుక్కలు, అంతే. హైస్కూలు మాస్టారు ఆమె మాటలు తెలుగులో చెప్పారు.

సత్తిరాజు గారి భార్య నాగరత్నం గారు ఆమెను పీట వేసి కూర్చోబెట్టి, పసుపు రాసి, చీర పెట్టారు.

"ఆడపడుచు నూట ముప్పై ఏళ్ళకు పుట్టింటికి వచ్చింది. చేతులూపుకుంటూ వచ్చింది చూడండి!" అన్నారు.

మాస్టారు ఆ మాట చెప్పగానే ఎడిత్ గారు నవ్వి, సంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీశారు. తన తమ్ముడి కొడుకు డాక్టరని, ఇంకా పెళ్ళి కాలేదని చెప్పారు.

"ఎంత చదివినా లాభం లేదు వదినా. మా పిల్లకు అన్నయ్య అవుతాడు" అన్నారు నాగరత్నం గారు.

వెళ్ళే ముందు సత్తిరాజు గారు ఆమెను ఒక్కటే అడిగారు. దొరగారు మొదట హక్కు లేదన్నారు. గురువారం నాడు ఎందుకు ఇచ్చారు? అమ్మవారు కలలో చెప్పిందని మేమంటాం. మీ ఇంట్లో ఏమంటారు? ఎడిత్ గారికి తెలియదు. తమది చాలా పాత వంశమని మాత్రం చిన్నప్పటి నుంచి విన్నారు. కనుక్కొని రాస్తానన్నారు. ఆమె కూడా చక్రం ఒక్క చుట్టు తిప్పి, నలభై ఒక్క గడపలనూ తన పటం అంచున తెల్లని జాగాలో రాసుకొని వెళ్ళారు.

ఆమె వెళ్ళిన ఇరవై మూడో రోజున ఉత్తరం వచ్చింది. మాస్టారు దాన్ని గుడి అరుగు మీద చదివి వినిపించారు. ఎడిత్ గారు తమ లోయలోని చర్చిలో పాత రిజిస్టర్లు తీయించి చూశారు. దొరగారికి ముందు ఆ ఇంటిపేరు ఏ పేజీలోనూ లేదు. కెల్‌బ్రిగ్ అనేది అక్కడి వాగు మీద ఒక రాతి వంతెన పేరు. జాన్ కెల్‌బ్రిగ్ బాప్తిస్మం రాసిన చోట తల్లి పేరు గడి, తండ్రి పేరు గడి ఖాళీగా ఉన్నాయి. పక్కన పాదిరి గారి చేతిరాతలో ఒక్క వాక్యం ఉంది: "వంతెన కింద దొరికిన మగశిశువు."