రెండు రేకులు ఎక్కువ

పోలారావు మేస్త్రిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. నర్సీపట్నంలో ఆయన షెడ్డులో పని నేర్చుకున్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. పైడిరాజుకి మరీ బాగా తెలుసు. అయినా ఆ రోజు అడగకుండా ఉండలేకపోయాడు.

పైడిరాజూ, అతని తమ్ముడు గౌరీశూ కలిసి వేరే ఒక షెడ్డు నడుపుకుంటున్నారు. ఈమధ్య తమ్ముడు మధ్యాహ్నాలు బ్యాటరీ ఆటోల పని నేర్చుకోవడానికి వెళతానంటున్నాడు. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా ఇద్దరూ కార్ల కిందే ఉండాలని అన్నగారి శాసనం. పైడిరాజు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. మాటా మాటా పెరిగి, సోమవారం సామాను సర్దుకుని పోతానన్నాడు గౌరీశు. తండ్రి పోయాక భుజాన వేసుకు పెంచిన తమ్ముడు. వాడు లేని షెడ్డు తలుచుకుంటేనే పైడిరాజుకి అన్నం సహించడం లేదు.

"గురూగారూ, ఒక కొంపలో ఇద్దరు చెరో తీరుగ తిరిగితే ఆ కొంప నిలబడతాదేటి?" అని అడిగాడు.

మేస్త్రి చేతులు తుడుచుకుని, జాకీల మీదున్న పాత కారు చూపించాడు. దాని వెనక డిఫరెన్షియల్ విప్పమన్నాడు.

చింతపల్లి కాఫీతోటల ఆసామిది ఆ కారు, వాళ్ళ తాత నడిపిన విదేశీ బండి. డిఫరెన్షియల్ అంటే వెనక చక్రాలు రెంటికీ ఇంజను బలం పంచే పెట్టె. మామూలు బండిలో ఒక చక్రం బురదలో పడితే బలమంతా దానికే పోతుంది. అది ఉత్తినే గిర్రున తిరుగుతుంటే, గట్టినేల మీదున్న రెండోది దిక్కులు చూస్తూ నిలబడుతుంది. ఈ బండిలో అలా కాకుండా, పెట్టె లోపల ఒకదాన్నొకటి ఒరుసుకునే పలకలున్నాయి. జారే చక్రాన్ని అవి నిలేసి, బలాన్ని రెండోదానికి అందిస్తాయి. ఇన్నేళ్ళకి ఆ పలకలు అరిగి నున్నబడిపోయాయి.

పైడిరాజు పంతం పట్టి పనిలో దిగాడు. కొత్త పలకల్ని నూనెలో నానబెట్టి, వరస తప్పకుండా పేర్చాడు. బిగువు కోసం వేసే పల్చటి రేకుల దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. జారకూడదనే కదా ఇంత యాతన, ఇంకో రెండు రేకులు వేస్తే జన్మలో జారదనుకుని వేసేశాడు. ఒక చక్రం నేల మీద ఉంచి, లేపిన చక్రాన్ని పానాతో తిప్పి చూడడం ఆ షెడ్డు ఆనవాయితీ. ఒంటి బరువంతా వేసినా చక్రం కదల్లేదు. పైడిరాజు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. మేస్త్రి అంతా చూశాడు, బీడీ వెలిగించుకున్నాడు.

మర్నాడు లంబసింగి ఘాటీ ఎక్కారు. తిన్నటి రోడ్డు మీద బండి దర్జాగా పోయింది. మొదటి మెలికలో పైడిరాజు స్టీరింగు తిప్పేసరికి వెనక చక్రాలు రెండూ విడివిడిగా తిరగలేక, ఏకమై బండిని లోయ వైపు తిన్నగా తోశాయి. టైర్లు కీచుమన్నాయి, పెట్టె మూలిగింది. అంచున పాతిన రాళ్ళకు జానెడు దూరంలో ఆగింది కారు. మేస్త్రి తాపీగా దిగి, రోడ్డు మీద పడ్డ నల్లటి చారలు చూశాడు. మెలికలో బయటి చక్రానికి దారెక్కువని మాత్రం అని, మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు.

షెడ్డుకొచ్చి పైడిరాజు పెట్టె మళ్ళీ విప్పాడు. పంతంతో పెట్టిన రేకుల్ని ఆ చేత్తోనే తీయడం ఎంత కష్టమో పంతగాళ్ళకే తెలుసు. అయినా తీశాడు. పానా వేస్తే చక్రం బలానికి కదిలేటట్టు, ఊరికే మాత్రం కదలనట్టు కుదిరేదాకా, విప్పిందే విప్పి పేర్చిందే పేర్చాడు. తిండికి లేవమన్నా లేవలేదు.

ఆదివారం వాన పడింది. ఘాటీ మొదట్లో ఎడమ చక్రం బురదలోకి దించమన్నాడు మేస్త్రి. దించితే అది కాస్త జారింది. అంతలో కుడి చక్రం నేలను అందుకుని బండిని ఒడ్డుకు లాగేసింది. ఆ పైన అదే మెలిక వచ్చింది. ఈసారి కారు కిక్కురుమనకుండా తిరిగింది. మెలిక దాటాక పైడిరాజు బండి పక్కకు తీసి ఆపాడు. పని నెగ్గిన సంతోషం మొహంలో లేదు, కళ్ళు తడిగా ఉన్నాయి.

"గురూగారూ, రేపు సోమారం. ఆడ్ని ఆపీమంటారా, పోనిమ్మంటారా?"

మేస్త్రి అద్దం దించి వెనక్కి చూశాడు. అంత వానకీ ఆ నల్లటి చారలు ఇంకా పోలేదు.

"ఇప్పుడాడు మెలికలో ఉన్నాడు, తిరగనీ. బురదలో పడ్డ నాడు చూపించు, నీ పట్టెంతో."