ఏదీ వదలకుండా

చెన్నవీర స్వామిని ఏదైనా అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పడు. అడిగినవాడికి ఒక పని చెబుతాడు. ఆ పని చేసి వచ్చేసరికి జవాబు దొరికితే సరే, దొరక్కపోతే ఇంకో పని చెబుతాడు. ఈ అలవాటు వల్ల మఠంలో ప్రశ్నలు తగ్గాయి గానీ పనులు మాత్రం చక్కగా సాగుతున్నాయని వంట చూసుకునే గౌరమ్మ అంటూ ఉంటుంది.

ఆదోని దాటి తుంగభద్ర వైపు పోయే దారిలో ఉంది ఆ మఠం. వీరశైవుల మఠం. అక్కడివాళ్ళంతా మెడలో లింగం కట్టుకునేవాళ్ళే. దాన్ని వెండి లింగకాయలో ఉంచి, శివదారంతో గుండె మీదికి వచ్చేలా కట్టుకుంటారు. రోజూ ఎడమ అరచేతిలో పెట్టుకుని పూజ చేస్తారు. పూజ కానిదే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. దీక్షనాడు గురువు కట్టిన ఆ లింగం ఒంటి మీంచి దిగడమంటూ ఉండదు, దిగితే ఆ మనిషి పోయినట్టే లెక్క. మనిషి పోయినప్పుడు కూడా కూర్చోబెట్టి, అదే లింగాన్ని ఎడమ అరచేతిలో ఉంచి సమాధి చేస్తారు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇది తెలియకపోతే తర్వాత స్వామి చేసింది పిచ్చిపనిలా కనిపిస్తుంది. తెలిసినా అలాగే కనిపించవచ్చు, అది మీ ఇష్టం.

స్వామి శిష్యుల్లో శంభులింగం పెద్దవాడు. శాస్త్రం బాగా చదివినవాడు. స్వామి తర్వాత ఆ పీఠం మీద కూర్చోవలసినవాడు. ఒకరోజు సంత నుంచి వస్తుంటే వాన పట్టుకుంది. దారి పక్కన దర్గా ఉంటే దాని పంచలో తలదాచుకున్నాడు. అక్కడ ముజావరు దస్తగిరి సాహెబు, అంటే ఆ దర్గాలో దీపధూపాలు చూసుకునే ముసలాయన, వానకు చేరినవాళ్ళతో కబుర్లు చెబుతున్నాడు.

"దేవుడికి ఆకారం లేదంటాము, నిజమే. మల్ల ఆకారం లేనోడు నీకు ఇంత ముక్కూ ఇంత మూతీ ఎందుకు చేసిపెట్టినాడో ఎప్పుడన్నా అడిగితివా?" అన్నాడు ఎవరితోనో.

అందరూ నవ్వారు. శంభులింగానికి నవ్వు రాలేదు. మెడలో లింగం కట్టుకున్నవాడికి ఆ ప్రశ్న ఊరికే పోయేది కాదు. వాన వెలిసింది, మఠం చేరాడు, ఆ మాట మాత్రం వదల్లేదు. ఆ ముసలాయన దగ్గర కూర్చుని వాళ్ళ ధర్మమేమిటో మొదటి నుంచీ వినాలనిపించింది. వింటే తన నమ్మకం ఏమవుతుందో అని భయమూ వేసింది. కొన్నాళ్ళు తనలో తానే నలిగి, చివరికి స్వామి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"స్వామీ, దస్తగిరి సాహెబు దగ్గరికి పోయి వాళ్ళ ధర్మం తెలుసుకోవాలని ఉంది. అది మన లింగానికి ద్రోహమవుతుందా?"

ఏ గురువైనా ఉలిక్కిపడవలసిన ప్రశ్న. స్వామి ఉలిక్కిపడలేదు. ఎప్పటిలాగే పని చెప్పాడు.

"పో. ఆయన దగ్గర కూర్చో. ఏదీ వదలకుండా విని రా."

శంభులింగం పొంగిపోయాడు. ఏదీ వదలకుండా అంటే ఒక్క మాట కూడా పొల్లు పోకుండా అని అర్థం చేసుకున్నాడు. చదువుకున్నవాడు కదా, అక్కడితో ఆగక ఇంకాస్త ముందుకు ఆలోచించాడు. తన దేవుణ్ణి గుండె మీద పెట్టుకుని ఇంకొకరి దేవుడి మాట వింటే సగమే చెవికెక్కుతుంది, నిండాలంటే ముందు ఖాళీ కావాలి అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే పూజ ముగించుకుని శివదారం విప్పాడు. లింగకాయను తెల్లబట్టలో చుట్టి, స్వామి గదిలో గూట్లో పెట్టి, దణ్ణం పెట్టుకుని బయలుదేరాడు. దారి పొడుగునా చెయ్యి గుండె మీదికి పోతూనే ఉందట. అయినా వెనక్కి తిరగలేదు.

దస్తగిరి సాహెబు అతణ్ణి చూసి సంబరపడ్డాడు. చాప పరిచాడు, టీ పోసి ఇవ్వబోయాడు. గ్లాసు అందిస్తూ అతని మెడ వైపు చూసి ఆగిపోయాడు.

"నాయనా, మెళ్ళో ఉండేది ఏమాయె?"

"తీసిపెట్టి వచ్చినా సాహెబూ. ఖాళీగా వస్తేనే కదా మీ మాట పూర్తిగా నిండేది."

తాను చేసింది గొప్ప త్యాగమని, ముసలాయన మెచ్చుకుంటాడని శంభులింగం అనుకున్నాడు. ముసలాయన గ్లాసు టక్కున కింద పెట్టేశాడు, టీ చాప మీద ఒలికింది.

"తోబా తోబా! నా దగ్గరికి వచ్చేదానికి నీ దేవుణ్ణి దించిపెట్టి వచ్చినావా? రేపు నా దగ్గర్నుంచి పొయ్యేటప్పుడు నా దేవుణ్ణి యాడ దించి పోతావు?"

దస్తగిరి సాహెబు జవాబు కోసం ఆగలేదు. శంభులింగం మణికట్టు పట్టుకుని లేపి, దర్గా వాకిలి దాటించి, మండే ఎండలో మఠం వైపు నడిపించాడు. చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచిపోయాడు ఆ పెద్దమనిషి.

మఠం ముందు ఎవరూ లేరు. వంటగది గడప మీద గౌరమ్మ కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది. తలెత్తి శంభులింగాన్ని చూసింది. చూసి కెవ్వుమంది. ఎందుకలా అరిచిందో వీళ్ళిద్దరికీ అర్థం కాలేదు. పార చప్పుడు వినిపించి పెరట్లోకి పరుగెత్తారు.

పెరట్లో, పాత గురువుల సమాధుల పక్కన, మఠంలో పనులు చేసే బండెప్ప నడుము లోతు గోతిలో నిలబడి మట్టి ఎత్తిపోస్తున్నాడు. గట్టు మీద చెన్నవీర స్వామి కూర్చుని ఉన్నాడు. పక్కన పళ్ళెంలో విభూతి, బిల్వపత్రి. ఆయన అరచేతిలో తెల్లబట్ట, దాని మీద లింగకాయ.

ఈ కథ నాకు బండెప్పే చెప్పాడు. గొయ్యి తవ్వినవాడు కాబట్టి ఆయన మాట నమ్ముతాను. పొద్దున స్వామి పిలిచి, "శంభులింగం పోయినాడు, చోటు తవ్వు" అన్నాడట. ఎట్లా పోయాడు, శవం ఏది అని అడగడానికి నోరు రాలేదట. అంత కష్టంలోనూ ఎదురు ప్రశ్న వేయడం బండెప్పకు చేతకాదు. ఏడుస్తూనే తవ్వాడు.

"ఎవరికి స్వామీ ఈ గొయ్యి?" అన్నాడు శంభులింగం.

"శంభులింగానికి."

"నేను బతికే ఉన్నా స్వామీ!"

"లింగం ఒక చోట, మనిషి ఒక చోట ఉంటే మన ఇండ్లల్లో దాన్ని ఏమంటారప్పా?"

శంభులింగం గోతి అంచునే కూలబడ్డాడు. లోపలి తడి మట్టి వాసన ముఖానికి కొట్టింది. తను కూర్చోవలసిన చోటు ఎంత ఉందో చూశాడు. సరిగ్గా సరిపోయేంతే ఉంది.

దస్తగిరి సాహెబు ముందుకు వచ్చాడు. "స్వామీ, పిల్లోడు తెలీక చేసినాడు. తప్పుంటే నాదనుకోండి."

"మీ తప్పు ఏముంది సాహెబూ? నేను మీ దగ్గరికి మనిషిని పంపిస్తి. మీ చాప మీదికి వచ్చింది మనిషో శవమో మీరే చూసినారు కదా." స్వామి శిష్యుడి వైపు తిరిగాడు. "ఏదీ వదలకుండా అని చెప్తినే. నీకు తెలుగు కూడా రాదా?"

శంభులింగం భోరుమన్నాడు. స్వామి లింగకాయను అతని అరచేతిలో పెట్టాడు. మెడకు కట్టుకుందామంటే ముడి పడలేదు. రెండుసార్లు జారింది. దస్తగిరి సాహెబు తన చేతులు పంచెకు తుడుచుకుని స్వామి వైపు చూశాడు. స్వామి తల ఊపాడు. ముసలాయన వంగి, దారం కొసలు రెండూ అందుకుని, శంభులింగం మెడ వెనక గట్టిగా ముడి వేశాడు. ఈ ముక్క చెబితే మా వైపు కొందరికి కోపం వస్తుంది. రానీ. ముడి పడింది, అంతే.

గౌరమ్మ కళ్ళు తుడుచుకుంది. బండెప్ప గోతిలోంచి పైకి వచ్చి నడుము పట్టుకుని హమ్మయ్య అనుకున్నాడు. శంభులింగం స్వామి పాదాల మీద పడ్డాడు. లింగకాయను రెండు చేతులతో గుండెకు అదుముకుని ఉన్నాడు.

"బుద్ధొచ్చింది స్వామీ. ఇంక యాడికీ పోను. ఆ దర్గా దిక్కు తలెత్తి చూడను. ఎవరి మాటా వినను. ఈ మఠం గడప దాటితే ఒట్టు!"

దస్తగిరి సాహెబు తల దించుకున్నాడు. ఎండకు కాలిన పాదాలు అప్పుడు గుర్తొచ్చినట్టు నీడలోకి జరిగి నిలబడ్డాడు. బండెప్ప మాత్రం ఇక పని అయిపోయిందనుకుని, పార అందుకుని గట్టు మీది మట్టిని గోతిలోకి నెట్టబోయాడు.

అంతవరకూ చలించని స్వామి ముఖం అప్పుడు మారింది. అంత దిగులు ఆయన ముఖంలో అంతకుముందెప్పుడూ చూడలేదని బండెప్ప అంటాడు. కాళ్ళ మీద పడి ఉన్న శిష్యుణ్ణీ, నీడలో తల దించుకుని నిలబడ్డ సాహెబునీ చూసి, పార మీద చెయ్యి వేశాడు.

"ఆగు బండెప్పా. గొయ్యి అప్పుడే పూడ్చొద్దు."