ఇవతలి గట్టు ఓబులేసు

ఓబులేసును చూస్తే ధనమాయ తలుపు వేసుకుంటోంది.

ముందు అనుమానం కాబోలు అనుకున్నాడు. ఎండ పడుతోందనో, కోళ్లు దూరుతున్నాయనో వేసుకుంటోందిలే అని సరిపెట్టుకున్నాడు. మనిషి ఎంతకని సరిపెట్టుకుంటాడు? వాడు దారి మలుపు తిరగడం, వాకిట్లో మొక్కజొన్నలు వలుస్తున్న ముసలావిడ చేట పక్కన పెట్టి లోపలికి పోవడం, తలుపు పడటం. రోజూ ఇదే వరస.

ఊళ్లో మిగతావాళ్లు తలుపులు వేసుకోరు గానీ దారి మార్చుకుంటారు. ఏటి నుంచి ఊళ్లోకి రావడానికి మంచి బాట ఉండగా, వాడు ఎదురొస్తున్నాడంటే ఇళ్ల వెనక ముళ్లదారి పట్టుకుని పోతారు. వాడికేదో అంటురోగం ఉన్నట్టు.

నేపాల్ కొండల్లో కాఫల్‌బోట్ అని ఆ ఊరి పేరు. కింద ఏరు. వానాకాలంలో అది పొంగిందంటే అవతలి గట్టున ఉన్న బడికి పిల్లలు పోలేరు, పురిటినొప్పులు వచ్చిన మనిషిని ఆసుపత్రికి తీసుకుపోలేరు. అందుకని ఊరివాళ్లందరూ కలిసి తీగల వంతెన కట్టుకుంటున్నారు. వాళ్లకు సాయంగా కడప వైపు నుంచి సివిల్ ఇంజనీరింగ్ చదివే ఐదుగురు కుర్రాళ్లు వచ్చారు. తీసుకొచ్చింది వాళ్ల గురువు నారపరాజు గారు. ఉద్యోగం నుంచి రిటైరై చాలా కాలమైనా ఏటా ఇలా కొందరు శిష్యుల్ని వెంటేసుకుని ఏదో ఒక ఏటి దగ్గర తేలుతుంటారాయన. ఈసారి నలుగురిని అవతలి గట్టు పనికి పంపి, ఓబులేసును తనతో ఇవతల ఉంచుకున్నారు.

అవతలి గట్టు కంటికి దగ్గరే. స్నేహితుల్లో ఎవరు ఏ రంగు చొక్కా వేసుకున్నారో కూడా తెలుస్తుంది. ఏటి హోరులో మాట మాత్రం దాటదు. వాళ్లు చేతులు ఊపుతారు, వీడూ ఊపుతాడు. కాసేపటికి చేతులు నొప్పి పుట్టి ఎవరి పనిలో వాళ్లు పడతారు. చుట్టు తిరిగి పోదామంటే ఒక పగలంతా నడక. ఫోను సిగ్నలు కావాలంటే పైన శిఖరం దాకా ఎక్కాలి.

పనిలో ఓబులేసు రాక్షసుడు. తీగలను పట్టి ఉంచే దిమ్మె కోసం ఇద్దరు మోసే బండను ఒక్కడే మోసుకొచ్చేవాడు. పని అయ్యాకా ఊరుకునేవాడు కాదు. ఎవరి నెత్తిన మోపు బరువుగా కనబడినా అందుకునేవాడు. ధనమాయ ఒంటరి ఆడది. వానలకు ఆమె గేదెల కొట్టం గోడ కూలిపోతే, ఎవరూ అడక్కుండానే రాళ్లు పేర్చి మళ్లీ నిలబెట్టాడు.

తీసుకోవడం మాత్రం వాడికి చేతకాదు. జమ్మలమడుగులో నాలుగిళ్లు ఊడ్చి వాడిని చదివించిన తల్లి, పరాయి ఇంట మంచినీళ్లు తాగినా రుణమేనని చెప్పి పెంచింది. అందుకే నేపాలీలో వాడు మొదట నేర్చుకున్న మాట 'పర్దైన'. అంటే అక్కర్లేదని. టీ తాగమంటే పర్దైన. పేలాలు తినమంటే పర్దైన. రెండు చేతులూ జోడించి, నవ్వు మొహంతో, పెళ్లివారి మర్యాదతో అనేవాడు. తన బియ్యం తను ఉడకేసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపొడి కలుపుకుని తినేవాడు. వీళ్లే పేదవాళ్లు, వీళ్ల నోటి ముందు కూడు నేను తినడమేమిటని వాడి ఉద్దేశం. ఉద్దేశానికేం, బంగారంలాంటిదే.

గోడ కట్టిన మర్నాడు ధనమాయ చెక్క కుండలో పెరుగు తెచ్చింది. "పర్దైన, ఆమా" అన్నాడు. అక్కడ అమ్మను ఆమా అంటారు. తర్వాత జామకాయలు తెచ్చింది. ఆ తర్వాత మోయలేక మోయలేక ఒక గుమ్మడికాయ తెచ్చింది. దాన్ని మళ్లీ ఆవిడ చేతే మోయించడం పాపమని, వాడే భుజాన వేసుకుని ఆవిడ ఇంటి అరుగు మీద దించి వచ్చాడు. తలుపు పడటం ఆ రోజు నుంచే.

ఆ ఊళ్లో కూలికి పోవడమనేది లేదు. పర్మ అని ఒక పద్ధతి ఉంది. ఇవాళ నా చేలో నువ్వు, రేపు నీ చేలో నేను. చేసినవాళ్లు గుర్తు చేయరు, చేయించుకున్నవాళ్లు మరిచిపోరు. బదులు తీర్చుకోలేని మనిషికి ఆ ఊళ్లో తలెత్తుకు తిరగడం కష్టం. ఈ సంగతి ఓబులేసుకు తెలుసు. ఎంత బాగుందో చూడండిరా అని శిఖరం ఎక్కి మరీ అవతలి గట్టు స్నేహితులకు మెసేజి పెట్టాడు. పెట్టి, దిగి వచ్చి, మళ్లీ ఎవరిదో కట్టెల మోపు ఎత్తుకున్నాడు.

సాయంత్రాలు మరీ కష్టంగా ఉండేది. ఇళ్లలోంచి పొగ లేచేది, నవ్వులు వినబడేవి. వాడు ఒక్కడూ గిన్నె ముందు కూర్చునేవాడు. ఇంటి మీద బెంగ అయితే తట్టుకోగలడు, అది అందరికీ ఉండేదే. ఇంత చేసినా తనెవరికీ అక్కర్లేదన్న బాధే ముద్ద దిగనిచ్చేది కాదు.

చివరికి ఒక సాయంత్రం గురువు గారి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సార్, రేపు సాయంత్రం సిమెంటు జీపు వస్తాది గదా. దాంట్లో ఎల్లిపోతా."

"ఇంక మూడు దినాలకు తీగ లాగేది ఉండాదే" అన్నారు నారపరాజు గారు.

"ఊరంతా లాగుతారు. నేనొక్కన్ని లేకుంటే ఏమైతాది సార్." అని రెండడుగులు పోయినవాడు మళ్లీ వెనక్కి వచ్చాడు. "ఒక్కరు నాతో మాట్లాడరు. ఆ ముసలామె నన్ను చూస్తే తలుపేసుకుంటాది. నేనేం తప్పు చేసినా?"

గురువు గారు వాడి కాళ్ల వైపు చూశారు. బూటు ఒకటి నోరు తెరుచుకుని ఉంది.

"జీపు వచ్చేది సాయంత్రం కదా. రేపు కాంక్రీటు ఆరాల, పని లేదు. పొద్దంతా నా కాడ ఉండి పో" అన్నారు.

మర్నాడు ఓబులేసు లేచేసరికి వాడి స్నానానికి నీళ్లు కాగి ఉన్నాయి. కాచింది గురువు గారు. వాడు హడలిపోయి, గబగబా ఆయనకు టీ పెట్టి పట్టుకెళ్లాడు. లేవగానే టీ పడకపోతే నారపరాజు గారి ఎదుట నిలబడటం కష్టమని కాలేజీలో గోడలకు కూడా తెలుసు. అటువంటి మనిషి చేతులు జోడించి, "వద్దు నాయినా, అక్కర్లేదు" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

ఆయన పంచె ఉతుకుదామని చూస్తే అప్పటికే తీగ మీద ఆరుతోంది. పక్కన ఓబులేసు చొక్కాలూ ఆరుతున్నాయి. వాకిలి ఊడ్చబోతే చీపురు మెల్లగా లాక్కుని ఆయనే ఊడ్చారు. మధ్యాహ్నం ఆయనే వండి వాడికి వడ్డించారు. మీరూ తినండి సార్ అంటే, తన సంచిలోంచి అటుకులు తీసి ఒక మూల కూర్చుని తిన్నారు. వాడు చెంబుతో నీళ్లు తెచ్చి ఇస్తే, లేచి, మోకాళ్లు పట్టుకుంటూ ఊట దాకా దిగి దోసిలితో తాగి వచ్చారు. వచ్చి సూదీ దారం తీసుకుని వాడి బూటు కుట్టడానికి కూర్చున్నారు.

ఓబులేసుకు కూర్చుంటే ముళ్ల మీద ఉన్నట్టుంది. తిట్టినా బాగుండు, కొట్టినా బాగుండు. డెబ్బై ఏళ్లు దాటిన గురువు తన బూటు కుడుతుంటే చూస్తూ ఉండటం కన్నా ఏదైనా నయమే.

"నా వల్ల తప్పు జరిగింటే చెప్పండి సార్. ఒక గ్లాసు టీ అన్నా తాగండి, మీకు దండం పెడతా."

"తప్పేముందిరా. బంగారట్లాంటి పిల్లోనివి" అన్నారు గురువు గారు. సూది పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించి, నవ్వు మొహంతో అన్నారు: "పర్దైన."

ఓబులేసు ఏటి దగ్గరికి దిగిపోయాడు. మొహం కడుక్కున్నాడు. అవతల స్నేహితులు చేతులు ఊపుతున్నారు. వీడు ఊపలేదు. ఒక రాయి మీద కూర్చున్నాడు, ఎండ కొండ మీదికి ఎక్కేదాకా లేవలేదు.

తిరిగి వస్తూ మలుపు దగ్గర తలెత్తి చూస్తే గురువు గారు అరుగు మీద ఉన్నారు. కుట్టిన బూటు తుడుస్తున్నారు, వాడి చొక్కాలు మడత పెట్టి పక్కన ఉన్నాయి. ఆయన ఎదటికి పోవడానికి వాడికి కాళ్లు రాలేదు. ఏ మొహం పెట్టుకుని పోతాడు? ఇళ్ల వెనక ముళ్లదారి పట్టుకున్నాడు.

నాలుగడుగులు వేశాక ఆ దారి ఏ దారో తెలిసింది. ముల్లు గుచ్చుకున్న చొక్కా విడిపించుకోకుండా అక్కడే నిలబడిపోయాడు. పైన ఎవరిదో మేక అరుస్తోంది. ఆ దారే ముందుకు పోయి ధనమాయ ఇంటి వైపు తిరుగుతుంది.

తలుపు వేసే ఉంది. వాడు తట్టలేదు, దగ్గరికి పోయి నిలబడి పిలిచాడు.

"ఆమా. ఆకలేస్తా ఉండాది."

తనకొచ్చిన అరకొర నేపాలీలోనే అన్నాడు. లోపల అలికిడి ఆగింది. వాడికి ఆ కాసేపూ పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ దానికన్నా భయమేసింది. తలుపు తీయకపోతే ఆ దారినే జీపు దగ్గరికి పోవడం తప్ప వేరే గతి లేదు.

తలుపు తెరుచుకుంది. ధనమాయ వాడిని కింది నుంచి పైదాకా చూసి తిట్లు లంకించుకుంది. వాడికి సగమే అర్థమయ్యాయి. నువ్వు రాజువా, మా ఇంట్లో తింటే నీ కడుపు కుళ్లిపోతుందా, నా గోడ నీకెందుకు, పడి ఉంటే పడి ఉండేది, ఊళ్లో నాకు తల ఎత్తుకునే దారి లేకుండా చేశావు కదరా అని. తిడుతూనే చెయ్యి పట్టి లోపలికి లాగి పొయ్యి పక్కన పీట వేసింది.

పొయ్యి మీద గిన్నెలో ఆవిడ కర్రతో ఏదో కెలుకుతోంది. కంచంలో పెట్టాక చూశాడు. నల్లగా, పొగలు కక్కుతూ, మధ్యలో గుంట చేసి ఆకుకూర పులుసు పోసి ఉంది. కోదో అంటారట వాళ్లు. మన రాగులే. సంగటి. ఇన్నాళ్లుగా ఇక్కడికి నాలుగిళ్ల అవతల కూర్చుని వాడు మెత్తటి అన్నం పొడితో దిగమింగుతున్నాడు.

ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్లు నిండిపోయాయి. పొగ, అన్నాడు. ధనమాయ అవునంది. మొదటిది అయిపోయాక వాడే కంచం ముందుకు జరిపి ఇంకొంచెం అడిగాడు. ఆవిడ పెడుతూ, ఇంట్లో మనిషికి చెప్పినట్టు చెప్పింది.

"పై చేలో కోదో కోతకు వచ్చింది. రేపు పొద్దున్నే రా, ఎండ ఎక్కాక వస్తే ఊరుకోను. ఎల్లుండి తీగ లాగేటప్పుడు నీ వెనకాల నేను పట్టుకుంటాను."

కింద దారిలో జీపు హారను వినబడేటప్పటికి ఓబులేసు గురువు గారి దగ్గర ఉన్నాడు. ఆయన తువ్వాలు తలకు బిగించి కట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నారు.

"సార్, రేపు మద్యాన్నం దాకా నేను పనికి రాను. ధనమాయమ్మ చేలో కోత ఉండాది."

ఆయన తల ఊపారు. జీపు ఇంకోసారి హారను కొట్టి, ఎవరూ రాకపోయేసరికి దిగువకు వెళ్లిపోయింది. దాని చప్పుడు ఏటి హోరులో కలిసిపోయింది.

"ఓబులేసూ" అన్నారు అప్పుడు గురువు గారు, కళ్లు మూసుకునే. "పొద్దున్నించి చుక్క పడక తల పగిలిపోతాండాదిరా. రోంత టీ పెట్టు."