జిగురు కడిగిన పచ్చనాచు

అనగనగా ఉప్పుగాలి వీచే ఒక చిన్న రాజ్యం. ధవళకేతు అనే రాజు దాన్ని ఏలేవాడు. వరుసగా మూడేళ్లు వానలు కురవలేదు. చేలు ఎండాయి, పశువులు పోయాయి. చివరికి మిగిలిన తిండి తీరపు రాళ్లమీద పెరిగే పచ్చనాచు ఒక్కటే. జనం దాన్నే వండుకుని ప్రాణాలు నిలుపుకునేవారు.

అందరికీ సమంగా పంచాలని రాజు ఆ నాచునంతా పెరికించి, కోటలో రాతి తొట్లు కట్టించి, సముద్రపు నీటిలో పెంచమన్నాడు. ఆ పని రాజవైద్యుడు శుచివర్మకు అప్పగించాడు. తీరాన నాచు కోసే మసేనమ్మను తోడుగా పెట్టాడు.

వైద్యుడు ఒక ఆకును వేళ్ల మధ్య రుద్ది చూశాడు. జిగురు తగిలింది. రోగాలన్నీ ఈ మురికి నుంచే వస్తాయని, అంతా కడిగేయమని ఆజ్ఞాపించాడు.

మసేనమ్మ చేతులు కట్టుకుని చెప్పింది. "అది మురికి కాదు బాబూ. కంటికి ఆనని జీవులు అందులో కాపురముంటాయి. నాచు తన ఒంటి రసం వాటికి పెడుతుంది. అవి తమ రసంతో దానికి ఆకారమిస్తాయి. అవి లేకపోతే నాచుకు ఆకు కావడం తెలియదు."

"కనబడనివాటిని నువ్వెట్లా చూశావు?"

"చూడలేదు బాబూ. జిగురు పోయిన నాచు ఏమైందో చూశాను."

చుట్టూ ఉన్న భటులు నవ్వారు.

మొదటిసారి మంచినీటితో కడిగారు. కొత్త మొలకలు రాతిని పట్టుకోలేక నీటిపై తేలాయి. మురికి ఇంకా పోలేదని వైద్యుడు రెండోసారి పసుపునీటితో కడిగించాడు. మొలకలు ఆకులుగా విచ్చుకోక ముద్దలుగా ముడుచుకున్నాయి. మూడోసారి సున్నపుతేట పోయించాడు. ఇక తొట్లలో మిగిలినవి పచ్చటి నలుసులే. చేతిలోకి తీసుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోయేవి.

కోట బయట జనం చిప్పలు పట్టుకుని నిలబడేవారు. ఆ వరుస రోజురోజుకూ చిన్నదవుతూ వచ్చింది. రానివాళ్లు ఎందుకు రావడం లేదో ఎవరూ అడగలేదు. శుచివర్మ ఒక్కగానొక్క కూతురు కూడా ఆ ఆకలికే పోయింది.

బిడ్డను మట్టిచేసి వైద్యుడు నేరుగా మసేనమ్మ గుడిసెకు వెళ్లాడు. తప్పంతా తనదేనని ఒప్పుకుని, ఇంకేమైనా దారి ఉందా అని అడిగాడు.

నడిసంద్రంలో ఒక తిప్ప ఉందని, అక్కడి నాచును ఎవరూ ముట్టలేదని ఆమె చెప్పింది. అక్కడ సుడులు పడవల్ని మింగుతాయని కూడా చెప్పింది. ఆమె భర్త ఎర్రన్న తెడ్డు అందుకున్నాడు.

ఆలుమగలిద్దరూ వెళ్లారు. తిరుగుదారిలో పడవ బోల్తాపడింది. కొంగున గుప్పెడు నాచు మూటకట్టుకుని మసేనమ్మ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఎర్రన్న రాలేదు.

ఆమె ముందు కోటకు నడిచింది. సున్నపునీళ్లు తోడించి, కొత్త నీరు నింపించి, ఆ జిగురు నాచును తొట్లలో విడిచింది. ఆ తరువాతే నేలమీద కూలబడి ఏడ్చింది.

కొన్ని వారాలకు మొలకలు రాతిని పట్టుకున్నాయి. ఆకులు విచ్చుకున్నాయి. మిగిలినవాళ్లకు తిండి దొరికింది.

ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు.

"నాకు కావలసినవాడు సముద్రంలో ఉన్నాడు దొరా," అంది మసేనమ్మ. "వీటిని మాత్రం ఇక కడగనివ్వకండి."

రాజు తల దించుకున్నాడు. శుచివర్మ బతికినన్నాళ్లూ ఆ తొట్లకు తానే కాపలా కాశాడు.

తెలియనిదాన్ని మురికి అనకూడదు. మనల్ని నిలబెట్టేది మన కంటికి ఆనని తోడే కావచ్చు.