జడ చివర అమ్మ

ప్రజల చెమటతో సింహాసనాలు మెరిసిన పాత రోజుల్లో ఒక బట్టతల రాజుండేవాడు. పంటా పాడీ దోచింది చాలక, మంగలి కూతురు నూకాలు మోకాళ్ళదాకా పెంచుకున్న జడ మీద అతని కన్ను పడింది. దాన్ని కోసి తనకు కట్టుడు జుట్టు చేయమని ఆ మంగలినే ఆజ్ఞాపించాడు.

నూకాలుకి ఆ జడంటే ప్రాణం. జుట్టు కుదుళ్ళ దగ్గర పుడుతూ పాతదాన్ని కిందికి నెడుతుంది. కాబట్టి చివరి జానెడు, పోయిన తల్లి కుంకుడు రసంతో రుద్ది సాంబ్రాణి పొగ వేసిన జుట్టే.

తండ్రి కత్తెర పట్టుకుని, కూతురితో కోట గుమ్మం బయట నిలబడ్డాడు. తెగిన వెంట్రుక ఒక్కటి ఒంటిమీదున్నా తలస్నానం చేయనిదే లోపలికి రాకూడదని రాజు చట్టం. అందుకే మంగళ్ళెప్పుడూ గుమ్మం బయటే.

"కోయించండి మహారాజా! మరి అది నెత్తిన పెట్టుకుని తమరూ మాతోపాటు బయటే ఉంటారా?" అంది నూకాలు.

"నోర్ముయ్! నా తలకెక్కాక అది నా జుట్టే!" గుమ్మం లోపలినుంచి అరిచాడు రాజు.

"అయితే ఒక్క వేలెడు పెరగనివ్వండి, తమదేనని ఒప్పుకుంటా. పెరగకపోతే తెగిన జుట్టే కదా!"

ద్వారపాలకుడు మీసాల చాటున నవ్వాడు. చట్టం ఉంచితే ఆ జుట్టుతో రాజే బయటుండాలి, ఎత్తేస్తే రేపు మంగళ్ళంతా తలెత్తుకుని లోపలికి నడుస్తారు. రాజు పళ్ళు కొరికి, వాళ్ళను పొమ్మన్నాడు.

ఆ సాయంత్రం నూకాలు జడ చివర ముక్కుకి ఆనించుకుంది. సాంబ్రాణి వాసన ఎప్పుడో పోయింది. అయినా కళ్ళు మూసుకుంటే అమ్మ దువ్వుతున్నట్టే ఉంది.