పిలుపు ఇచ్చేసిన వీరాయమ్మ

దుప్పటి లాక్కోకండర్రా, ఇద్దరికీ సరిపోతుంది. హర్షా, ఆ కాలు తియ్యి దాని మీంచి. లాస్యా, నువ్విలా నా పక్కకి జరుగు. ఊ కొడితేనే చెప్తాను. మధ్యలో నిద్రపోయి రేపు మళ్ళీ మొదట్నుంచీ చెప్పమంటే మాత్రం కుదరదు, ముందే చెప్తున్నా.

అనగా అనగా గోదారి గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో వీరాయమ్మ అని ఒకావిడ. ఆవిడ మొగుడు పడవలో సరుకేసుకుని ఎగువకి వెళ్ళాడంటే ఎప్పుడొస్తాడో గోదారికే తెలియాలి. ఇంట్లో ఐదుగురు పిల్లలు. పెద్దది బుల్లెమ్మ, దాని తర్వాత గంగులూ గోవిందూ అని కవలలు, వాళ్ళ వెనకాల పేరిగాడు, ఆఖర్న ఇంకా మాటలు రాని చంటిది. అల్లరిలో మీకంటే నాలుగాకులు ఎక్కువే చదివారు.

వీరాయమ్మ ఇంట్లోనే పూతరేకులు చేసి అమ్మేది. మీకు తినడం వచ్చు గానీ ఎలా చేస్తారో తెలుసా? బియ్యం నానబోసి, మెత్తగా రుబ్బి, పాలలాగా పల్చగా కలుపుతారు. పొయ్యి మీద కుండ బోర్లించి కింద కొబ్బరాకు మంట పెడతారు. పల్చటి గుడ్డ ఆ పిండిలో ముంచి, కాలే కుండ మీద ఇటునుంచి అటు ఒక్క లాగు లాగాలి. కాయితం కంటే పల్చగా రేకు లేచి వస్తుంది. కానీ లాగేటప్పుడు చెయ్యి ఆగకూడదు. ఆగిందా, అక్కడ పిండి ముద్దకట్టి రేకు చిరుగుతుంది.

మరి ఐదుగురు పిల్లలున్న ఇంట్లో చెయ్యి ఆగకుండా ఉంటుందా, మీరే చెప్పండి!

గుడ్డ ముంచేది. అమ్మా, ఆకలి! రేకు చిరిగేది. మళ్ళీ ముంచేది. అమ్మా, గంగులు గిల్లాడు! చిరిగేది. అమ్మా, ముందు గిల్లింది గోవిందే! చిరిగేది. అమ్మా, జడెయ్యి! చిరిగేది. అమ్మా, పేరిగాడు నూతిలో చెంబు పడేశాడు! చిరిగేది. ఏవిట్రా అని పరిగెత్తుకెళ్తే, ఏం లేదమ్మా, ఊరికే పిలిచాను అనేవాడు పేరిగాడు. అప్పటికే ఇంకోటి చిరిగేది.

చిరిగిన రేకు ఎవరు కొంటారు? పంచదార చల్లి పిల్లలకే పెట్టేసేది. ఆ కవల వెధవలు ఈ కిటుకు కనిపెట్టేశారు. నోరూరినప్పుడల్లా తలుపు చాటున నక్కి అమ్మా అని గావుకేక పెట్టేవాళ్ళు. నవ్వకండి, మీకు తెలిస్తే మీరూ అదే పని చేస్తారు.

ఊ కొడుతున్నారా? ఆఁ, అలా కొట్టాలి.

ఇలా ఉండగా ఆ దేశపు రాజుగారి కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు వాళ్ళకి పూతరేకులంటే ప్రాణమంట. కోటలో వంటలన్నీ చూసే పెద్దమనిషొకడు, బారెడు మీసాలేసుకుని వీరాయమ్మ గుమ్మంలో దిగాడు. పెళ్ళికి గంపలకొద్దీ రేకులు కావాలన్నాడు. రాజుగారికి నచ్చితే ఇకమీదట కోటలో ఏ పండగైనా ఆవిడ రేకులేనన్నాడు. ఒక్క చిరుగు కనబడ్డా మాత్రం పక్కూరి వాళ్ళకిచ్చేస్తామన్నాడు. వీరాయమ్మ అలాగే బాబూ అంది. అనకేం చేస్తుంది? మొగుడి పడవ ఎప్పుడొస్తుందో, ఏం తెస్తుందో! ఆ బోర్లించిన కుండ మీదే కదా ఇంటిల్లిపాదీ బతుకు.

మర్నాడు పొద్దున్నే పొయ్యి ముందు కూచుంది. అమ్మా అంటే చిరిగింది, అమ్మా అంటే చిరిగింది, అమ్మా అంటే చిరిగింది. పొద్దెక్కేసరికి చిరుగులు గుట్టపడ్డాయి గానీ మంచి రేకు గంప అడుగు కూడా నిండలేదు. చంటిదేమో చెంగు పట్టుకు లాగుతోంది. వీరాయమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఈ అమ్మా అనే పిలుపు ఎవరైనా పట్టుకుపోతే బావుణ్ణు, పీడా పోతుంది అని గట్టిగా అనేసింది.

అప్పుడు అటక మీంచి ఒక గొంతు వినబడింది.

"నాకిస్తావా?"

తలెత్తి చూస్తే దెయ్యం! తెల్లగా పీచులాంటి జుట్టు, మసిపట్టిన చీర, వెనక్కి తిరిగిన పాదాలు. లాస్యా, మొహం కప్పుకోకే, అదేం చెయ్యదు. దాని పేరు అచ్చమ్మ. బతికున్నప్పుడు ఆ ఇల్లు దానిదే. మొగుడు చిన్నతనంలోనే పోయాడు, పిల్లల్లేరు, అయినవాళ్ళెవరూ తొంగిచూడలేదు. చచ్చిపోయాక ఎక్కడికెళ్ళాలో తెలీక అటకెక్కి కూచుంది. వీరాయమ్మకి భయమెయ్యలేదా అంటావా? చేతినిండా పనున్న మనిషికి భయపడ్డానికి తీరికేదీ!

నీ పిల్లల్ని నేను చూసుకుంటాను, నీళ్ళు పోస్తాను, జడలేస్తాను, అన్నం కలిపి పెడతాను, నీ చెయ్యి ఆగకుండా చూస్తాను, నాకు మాత్రం ఆ పిలుపు ఇచ్చెయ్యి అందంట దెయ్యం. వీరాయమ్మ ముందూ వెనకా చూసుకోలేదు. పట్టుకుపో తల్లీ అనేసింది.

అంతే. ఆ క్షణం నుంచీ పొయ్యింట్లో చీమ చిటుక్కుమంటే ఒట్టు!

పిలుపులన్నీ పెరట్లోకి పోయాయి. అమ్మా, ఆకలి! దెయ్యం కంచం పట్టుకొచ్చేది. అమ్మా, జడెయ్యి! దెయ్యం దువ్వెన పట్టుకొచ్చేది. అమ్మా, చెంబు! దెయ్యం కూచున్న చోటునుంచే చెయ్యి చాస్తే, ఆ చెయ్యి సాగి సాగి నూతి అడుగునున్న చెంబు తెచ్చేది. పిల్లలకి ఆ వెనక్కి తిరిగిన పాదాలు చూస్తే భయం లేదా అనకండి. వేళకి అన్నం పెట్టే మనిషి పాదాలు ఎటు తిరిగితే ఏంటర్రా పిల్లలకి?

వీరాయమ్మ రేకులు లాగింది, లాగింది, లాగింది. ఒక్కటీ చిరగలేదు. నెయ్యి రాసి, పంచదార చల్లి, మడతలు పెట్టి, గంపలకెత్తి కోటకి పంపించింది. రాజుగారు ఒకటి తిని కళ్ళు మూసుకున్నాడంట. రెండోది తిని పెళ్ళి ముహూర్తం మర్చిపోయాడంట. రాణీగారొచ్చి గంప లాక్కుంటే గానీ పీటల దగ్గరికి రాలేదంట! ఇకమీదట కోటకి ఆవిడ రేకులే రావాలని కబురు పంపించాడు.

ఆ కబురు విని వీరాయమ్మ పొంగిపోయింది. చేతులు కడుక్కుని, పిల్లలకి చెప్పుకుందామని వసారాలోకి వచ్చింది. పిల్లలు గవ్వలాట ఆడుకుంటున్నారు. బుల్లెమ్మ తలెత్తి చూసింది.

"రేకులావిడా, కాస్త జరుగుతారా? వెలుతురు అడ్డం వస్తోంది."

రేకులావిడంట! అదీ మీరు అని మన్నిస్తూ. కడుపున పుట్టిన పిల్ల! ఇంతలో చంటిది దేక్కుంటూ వచ్చింది. నోరు సున్నాలా చుట్టింది. ఎప్పుడెప్పుడు మాట్లాడుతుందా అని వీరాయమ్మ ఎదురుచూస్తున్న బిడ్డ కదా, చేతులు చాచింది. చంటిది ఆ చేతుల పక్కనించే పాక్కుంటూ వెళ్ళి, దెయ్యం చీర పట్టుకుని లేచి నిలబడి, మొట్టమొదటి మాట అంది. అమ్మ అంది.

ఏడుపొస్తోందా? నాకూ వస్తుందే, ఈ చోట ఎప్పుడూ వస్తుంది. ఉండు, ఇంకా ఉంది కథ.

వీరాయమ్మ దెయ్యం మీద విరుచుకుపడింది. నా పిలుపు నాకిచ్చెయ్యి, కోటా వద్దు గీటా వద్దు అంది. నేనేమైనా లాక్కున్నానా, నువ్వే కదా పట్టుకుపొమ్మన్నావు అంది దెయ్యం. అంటూనే చంటిదాన్ని గట్టిగా హత్తుకుని ఏడ్చేసింది. గుమ్మంలో నిలబడి అన్నం కోసం అమ్మా అన్నవాళ్ళున్నారు గానీ, నా చెంగు పట్టుకుని పిలిచినవాళ్ళు ఒక్కరూ లేరు వీరాయీ, ఇప్పుడు నన్ను ఇచ్చెయ్యమనకు, ఇవ్వలేను అంది. ఆ మాటకి వీరాయమ్మకి తిట్టడానికి కూడా మనసొప్పలేదు.

తనకి తోచినవన్నీ చేసింది. పిల్లలకి కొత్తబట్టలు కుట్టించింది. రేకులావిడ మంచిది అన్నారు. సున్నుండలు చేసి పెట్టింది. రేకులావిడ చాలా మంచిది అన్నారు. రోజూ పొయ్యి ముందు కూచునేది, రేకు లాగేది, ఎవరైనా పిలుస్తారేమోనని మధ్యలో కావాలని చెయ్యి ఆపేది. ఎవరూ పిలిచేవారు కాదు. పిండి రుబ్బుతూ రుబ్బుతూ ఏడ్చేది. పని బ్రహ్మాండంగా సాగుతోంది, ప్రాణం మాత్రం ఉసూరుమంటోంది.

హర్షా, ఊ ఏదిరా? నిద్రపోయావా? ఆఁ, సరే.

ఇక దెయ్యం సంగతి వినండి. పిలిపించుకోవాలని ముచ్చటపడింది గానీ, ఐదుగురు పిల్లలంటే మాటలా? అమ్మా అంటే పరుగు, అమ్మా అంటే పరుగు. నడుం పట్టేసింది. పీచు జుట్టు ఇంకా పీచైపోయింది. నా అన్నవాళ్ళు లేక చచ్చిన దెయ్యం, ఊపిరాడక మళ్ళీ చచ్చేలా ఉంది. అయినా పల్లెత్తు మాట అనలేదు పాపం.

ఒకరోజు మధ్యాహ్నం పిల్లలకి నీళ్ళు కాచడానికి పెరట్లో కొబ్బరాకులు ఏరుతోంది. ఆకుల కింద తేలుంది. ఠపీమని వేలి మీద కుట్టింది. దెయ్యాన్ని తేలు కుడుతుందా అని అడగబోకు లాస్యా. అది దెయ్యమని తేలుకేం తెలుసు? కుట్టింది. దెయ్యం చెయ్యి పట్టుకుని కూలబడిపోయి, దెబ్బ తగిలితే ఎవరైనా పిలిచేదాన్నే పిలిచింది.

"అమ్మా!"

పొయ్యింట్లో వీరాయమ్మ చెయ్యి ఆగిపోయింది. కుండ మీద రేకు చిరిగింది. అది తన పిల్లల గొంతు కాదని ఆవిడకి తెలుసు. అటక మీది దెయ్యం గొంతని తెలుసు. అయినా ఆ పిలుపు విన్నాక కూచోవడం ఆవిడకి చాతకాలేదు. పిండిగిన్నె కాలికి తన్నుకుని దొర్లిపోయింది, కోటకి వెళ్ళాల్సిన పిండంతా పొయ్యిలో పడి బుస్సుమంది. వెనక్కి తిరిగి చూడలేదు. ఏమ్మా, ఏమైందమ్మా, ఎక్కడమ్మా అంటూ పెరట్లోకి పరిగెత్తింది.

దెయ్యం తల ఒళ్ళో పెట్టుకుంది. చెంగు చింపి చేతికి గట్టిగా కట్టింది. ఉల్లిపాయ రుద్దింది. ఊదింది. తగ్గిపోతుంది, ఏడవకు, నేనున్నానుగా అని ఆ పీచు జుట్టు నిమిరింది. పిల్లలందరూ చుట్టూ చేరి నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

దెయ్యం ఏడుపు ఆపడం లేదు. నొప్పి తగ్గలేదా అని అడిగింది వీరాయమ్మ. నొప్పి ఎప్పుడో పోయిందే అంది దెయ్యం. జ్వరమొచ్చి, ఈ ఇంట్లోనే, ఆ మూలగదిలో, పోయే ముందు అమ్మా అమ్మా అని రోజంతా పిలిచానే వీరాయీ, ఎవ్వరూ రాలేదు అంది. నన్నెవరూ పిలవలేదనుకుని ఇన్నాళ్ళూ బెంగపడ్డాను, నా బెంగ అది కాదే, నేను పిలిస్తే ఎవరూ రాలేదని అంది. ఇవాళ నువ్వొచ్చావు, ఇక నాకు ఆ పిలుపెందుకు, నీది నువ్వే తీసుకో అంది.

ఆ మాట అనడమేంటి, ఐదుగురూ ఒక్కసారిగా వీరాయమ్మ మీద పడ్డారు. అమ్మా! అమ్మా! అమ్మా! అమ్మా! చంటిది కూడా, వచ్చిన మాట అదొక్కటే కదా, అమ్మ అమ్మ అమ్మ అని ఆపకుండా అంటూనే ఉంది. వీరాయమ్మ ఏ మొహాన్ని ముద్దుపెట్టుకుంటోందో చూసుకోకుండా ముద్దులు పెట్టేసింది. అందులో రెండో మూడో దెయ్యం బుగ్గ మీద కూడా పడ్డాయి.

దెయ్యం కళ్ళు తుడుచుకుని, ఇక నేను వెళ్ళొస్తానని లేచింది. వీరాయమ్మ చెయ్యి పట్టుకుని కూచోబెట్టేసింది. ఎక్కడికే వెళ్ళేది, నన్ను అమ్మా అన్నావు కదా, పిలిచాక వెళ్ళనిస్తానా, ఐదుగురితో పాటు నువ్వూ నా పిల్లవే అంది. బుల్లెమ్మ గభాలున లేచి, అయితే నేను పెద్దదాన్నా, ఈవిడ పెద్దదా అని అడిగింది. ఆ తగువు ఇప్పటికీ తెగలేదంట ఆ ఇంట్లో.

మరి కోట రేకులంటావా? ఆ మీసాల పెద్దమనిషి వచ్చి, ఈ పూట రేకులేవీ అని గుడ్లురిమాడు. పిల్లలున్న ఇల్లు బాబూ, ఒకపూట ఆలస్యమవుతుంది, ఇష్టమైతే ఆగండి, లేదంటే పక్కూరు వెళ్ళండి అని వీరాయమ్మ తలొంచకుండా చెప్పేసింది. ఆ మాట వెళ్ళి రాజుగారితో చెప్తే, రాణీగారు మధ్యలో అందుకుని, ఆగుతామని చెప్పిరా పో అందంట. ఆవిడా పిల్లల తల్లే మరి.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో పని ఎలా సాగిందంటే, గుడ్డ ముంచేది. అమ్మా, ఆకలి! చిరిగేది. అమ్మా, జడెయ్యి! చిరిగేది. కాస్త దెయ్యం సర్దేది, కాస్త బుల్లెమ్మ సర్దేది, మంచి రేకులు గంపలోకి, చిరుగులు పిల్లల కడుపులోకి. సాయంత్రానికి అటక మీంచి కూడా ఒక ముసలి గొంతు, అమ్మా, నడుం నొప్పే అనేది. వీరాయమ్మ ఇదిగో వస్తున్నా తల్లీ అనేది. అన్నాక వచ్చేది.

అదీ కథ. అమ్మని పిలవొద్దని నేననను. పిలవండి, ఎన్నిసార్లైనా పిలవండి. గుడ్డ కుండ మీదున్నప్పుడు మాత్రం ఒక్క క్షణం ఓపిక పట్టండి. ఇంకో మాట. మీ అమ్మ ఎప్పుడైనా నడుం మీద చెయ్యేసుకుని అమ్మా అందనుకోండి, అది నన్నే పిలుస్తోందని నాకు తెలుసు. కానీ ఈ మోకాళ్ళతో నేను లేచి వెళ్ళేసరికి ఆలస్యమైపోతుందర్రా. మీరు పరిగెత్తండి నా బదులు.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరాం. కళ్ళు మూసుకోండి.