చుక్క ఊపిరి, ఏనుగు గంట

వీరమల్ల రాజు కోరిక కోరాడంటే ఏడు ఊళ్ల కుండలు పొయ్యి మీదే వణికేవి. ఒక సాయంత్రం మేడ మీద నిలబడితే ఆకాశంలో పాలు ఒలికినట్టు చిన్న మరక కనబడింది. రాజుకు నచ్చేసింది.

"దీన్ని మన రాజ్యంలో కలిపేద్దాం. ఎంత దూరం?"

ఆస్థాన జ్యోతిష్కుడు శంభు దైవజ్ఞుడు మీసం దువ్వాడు. "పక్కనే ప్రభూ! అందులో చుక్క చూశారా? మిణుగురంత. చిన్నది కాబట్టే మసక. కొండ మీంచి మెట్లు కట్టిస్తే చాలు. అక్కడి ఏలుబడి మాత్రం నాకు ఇప్పించండి."

తెల్లారేసరికి దండోరా. రైతుల ఎద్దులన్నీ మెట్లకు రాళ్లు మోయాలట! అప్పుడే తొలకరి పడింది. దున్నకపోతే ఏడాదంతా పస్తులే.

దండోరా విదూషకుడు ఓబన్న చెవిన పడింది. అతని చూపు సామాన్యమైంది కాదు. చంద్రుడి మీద చీమ పాకితే అది కుంటుతోందో లేదో చెప్పేవాడు! ఆ మరకలోని చుక్క ఊపిరి తీస్తున్నట్టు నిదానంగా వెలిగి తగ్గడం ఎన్నాళ్లుగానో చూస్తున్నాడు. మన నడినెత్తిన ధగధగ మెరిసే పెద్ద చుక్కదీ అచ్చం అదే నిదానం.

ఏనుగుల మావటితో ఏదో గుసగుసలాడి, ఓబన్న సభకు వచ్చాడు.

"ప్రభూ, దైవజ్ఞుల వారు ఒక్క పశువును పట్టి తెస్తే, మొదటి రాయి నేనే మోస్తాను."

ముంగిట్లో పట్టపుటేనుగు నడిచింది. అడుగడుక్కీ గంట, ఠంగ్... ఠంగ్... చెవులు గింగురుమన్నాయి. దాన్ని ఆపించాక, గోడ అవతల నుంచి సన్నగా, అంతే నిదానంగా, ఠంగ్... ఠంగ్...

"అదేమిటో చెప్పి, తోలుకు రండి స్వామీ."

"ఇంత సన్నటి చప్పుడా? మేకపిల్ల! గోడ పక్కనే."

గుప్పెడు ఆకులు, జానెడు తాడు పట్టుకుని దైవజ్ఞుడు వెళ్లాడు. గోడ దాటాడు, తోట దాటాడు, ఏరు కూడా దాటాడు. మధ్యాహ్నానికి పరుగున వచ్చిపడ్డాడు. తలపాగా లేదు. వెనకాల కొండంత ఏనుగు, ఆకుల కోసం తొండం చాపి!

"ఒరేయ్ ఓబన్నా! ఇది మేకపిల్ల కాదురా!" అంటూ సభాస్తంభం ఎక్కేశాడు.

"మేకపిల్ల గునగునా నడుస్తుంది స్వామీ, గంట గలగలమంటుంది. ఇంత నిదానమంటే ఏనుగే. ఏనుగు గంట సన్నగా వినబడిందంటే..."

"దూరాన ఉందన్నమాట!" అన్నాడు రాజు.

"చుక్కలూ అంతే ప్రభూ. ఊపిరి తీసినట్టు వెలిగి తగ్గే ఈ చుక్కల జాతిలో పెద్ద వెలుగుది నిదానం, చిన్న వెలుగుది తొందర. మరకలోని చుక్క మన నడినెత్తి చుక్కంత నిదానం. కాబట్టి వెలుగూ అంతే. అయినా మిణుగురులా కనబడుతోంది."

రాజు నోరు తెరిచాడు. "అయితే ఎంత దూరంరా?"

"ఇవాళ మెట్టెక్కినవాడి మునిమనవడు కూడా ఇంకా మొదటి మలుపు దగ్గరే సద్దిమూట విప్పుతుంటాడు ప్రభూ!"

రాజు నవ్విన నవ్వుకు కోట పావురాలు లేచిపోయి పొరుగు రాజ్యంలో వాలాయి. ఎద్దులన్నీ పొలాలకు మళ్లాయి. ఏటి అవతలి ఏనుగు ఓబన్నకు బహుమానం.

దైవజ్ఞుడు మాత్రం ఇంకా స్తంభం దిగలేదు.